గడప దాటించే పాట

వ్రాన్యె ఊళ్లో మా రోమాలుండే పైపేటలో బ్లగోయెను మెప్పించిన మనిషంటూ లేడు. పెళ్లిలో మైకు పెట్టేవాడు దద్దమ్మ. ఇస్త్రీ లేని చొక్కాతో మేళానికి వచ్చేవాడు పశువు. బ్యాండు మేళంలో ఆయనది పక్కబాకా. పాట ఊదేవాళ్లు ముందు నిలబడి చప్పట్లు కొట్టించుకుంటారు. పక్కబాకావాడు వెనకాల నిలబడి, డోలు దెబ్బకూ దెబ్బకూ మధ్య ‘ప్పా... ప్పా’ అని సందు పూడుస్తాడు. జీవితమంతా ముందువాళ్ల వీపులే చూశాడు కాబట్టి ఆయనకు ఎవరి ముఖం మీదా గౌరవం కలగలేదని భార్య మిలుంకా అనేది.

“నీ బాకాకి ఒక్క పాటా రాదు. తిట్లకు మాత్రం దరువు తప్పదయ్యా!” అని పడీపడీ నవ్వేది. ఆయన తిట్టే తిట్లలో సగం ఆ నవ్వు కోసమే.

అందరికన్నా ఆయనకు ఎక్కువ ఏవగింపు ‘పిచ్చిగుర్రం’ అనే బృందం మీద. అందులో బెల్‌గ్రేడ్ నుంచి వచ్చిన వోయిన్ కంప్యూటరు మీటలు నొక్కుతాడు. యూదుల పెళ్లిపాటలు నేర్చానంటూ బెర్లిన్ నుంచి దిగిన పిల్ల ఫిడేలు వాయిస్తుంది. వాళ్ల ముందు నిలబడి బాకా ఊదేది బ్లగోయె సొంత మేనల్లుడు దాలిబోర్. మా రోమా పాట, ఆ యూదుల పాట, కంప్యూటరు దడదడ అన్నీ ఒకే గిన్నెలో వేసి తిప్పేవారు. వేషం అంతకన్నా అధ్వాన్నం: అతుకుల కోటు, వట్టి కాళ్లు.

“ఒరే, మీ తాత బూట్లు కొనుక్కోలేక ఏడ్చి చచ్చాడు. నువ్వు బూట్లు విప్పడానికి టికెట్టు పెట్టావా?”

“జనం అదే కోరుతున్నారు మామయ్యా.”

“జనం ఆవులిస్తే నోట్లోకి దూకేస్తావట్రా?”

అదైనా సహించేవాడేమో. బ్లగోయె వాళ్లింట్లో తరాలుగా పేరు లేని పాట ఒకటి ఉండేది. శవం గడప దాటేటప్పుడు తప్ప దాన్ని ఊదకూడదు. ఇంట్లో సాధన చేయకూడదు, చావుల్లో విని నేర్చుకోవాల్సిందే. దాలిబోర్ దాన్ని తీసుకెళ్లి వోయిన్ చేతిలో పెట్టాడు. వోయిన్ దాన్ని గుర్రంలా పరుగెత్తించాడు. ఏడాది తిరక్కుండానే పెళ్లికూతుళ్లు ఆ పాటకు గంతులేశారు. ఎక్కడైనా ఆ పాట అడిగితే బ్లగోయె బాకా ఒళ్లో పెట్టుకుని, తన బూట్ల మెరుపు చూసుకుంటూ కూర్చునేవాడు.

వీధులన్నీ కాల్చిన ఎర్ర మిరపకాయల వాసనతో ఘాటెక్కే రోజుల్లో మిలుంకా మంచం పట్టింది.

“నన్ను ఆ పాటతోనే పంపించు,” అంది. “మా అత్తను పంపినట్టు, నింపాదిగా. గంతులేయించావో, శవప్పెట్టెలోంచి లేచొస్తా.”

“నేనుండగా గంతులేసే మొనగాడెవడే?” అన్నాడాయన.

ఆమె పోయిన రోజున తెలిసింది. పాట నెమ్మదిగా ఊదగల పాతవాళ్లందరినీ ఆ పాటతోనే సాగనంపేశారు. మిగిలిన కుర్రాళ్లకు పెళ్లివాటమే వచ్చు. అప్పుడు దాలిబోర్ వచ్చాడు. ఇస్త్రీ చేసిన నల్లకోటు, మెరిసే బూట్లు.

“నేను ఊదుతా మామయ్యా. నాకు పాత నడక గుర్తుంది. అత్తయ్య చేతి ముద్ద తిని పెరిగినవాణ్ణి.”

“నీ మూతి దానికి తగలనివ్వను. జనంలో నిలబడు.”

పెట్టె లేచింది. కుర్రాళ్లు మొదటి వరుస బాగానే ఊదారు. రెండో వరుసలో డోలువాడి చెయ్యి తనకు తెలియకుండానే పరుగందుకుంది. కంచె దగ్గర ఒక ఆడమనిషి భుజాలు ఊగాయి. ఆమె ఉలిక్కిపడి నోరు మూసుకుంది. వెనక నుంచి ఎవడో పెళ్లి ఈల వేశాడు.

బ్లగోయె చెయ్యెత్తాడు. మేళం ఆగింది. మోసేవాళ్లు గడప లోపలే నిలిచిపోయారు. శవం అక్కడ ఆగకూడదు. అందరూ ఆయన వైపు చూశారు. దాలిబోర్ అప్పటికే బాకా పైకెత్తాడు. ఒక్కసారి తలూపితే చాలు.

ఆయన తలూపలేదు. ఆ పాటను తాను ఏనాడూ ఊది ఎరగడు. తన బాకా పెదవులకు ఆనించి, తనకు వచ్చింది ఊదాడు. ప్పా. కాసేపు ఆగి, మళ్లీ ప్పా. డోలువాడు సిగ్గుపడి ఆ నడకకు వచ్చాడు. పాట ఉండాల్సిన చోట మోసేవాళ్ల అడుగుల చప్పుడొక్కటే. పాట ఎక్కడ పైకి లేస్తుందో ఎరిగిన ముసలమ్మలు సరిగ్గా అక్కడే ఏడుపు ఎత్తుకున్నారు. మిలుంకా నింపాదిగా గడప దాటింది.

నలభయ్యో రోజున మిలుంకా సమాధి మీద బ్లగోయె ఆమెకిష్టమైన కాఫీ పోస్తూంటే దాలిబోర్ వచ్చి నసిగాడు.

“మామయ్యా, ఆ రోజు వోయిన్ గోడవతల నిలబడి విన్నాడు. పాట తీసేసి తాళం ఒక్కటే ఉంచడం గొప్ప ఊహ అంటున్నాడు. మా కొత్త పాటకు నువ్వొచ్చి అలా ఊదితే...”

బ్లగోయె అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు. తర్వాత సమాధి మీదికి వంగాడు.

“విన్నావటే? పాట రాక నేను చస్తూ ఊదితే, అదేదో గొప్ప ఊహ అంటున్నాడే ఈ గాడిద!”

తిట్టు బాగా కుదిరింది. అలవాటు చొప్పున, ఆమె నవ్వు పట్టేంత సందు వదిలి ఆగాడు.