వేట లేని రోజుల్లో వైకుంఠరావు

వైకుంఠరావు ముడి వేస్తే అది ముడి. సంతబొమ్మాళి మండలంలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఆ ఊళ్ళో ఈ విషయం మీద రెండో మాట లేదు. గాలివానకు అందరి పడవలూ కొట్టుకుపోయి ఒక్కటి నిలిచిందంటే, దాన్ని కట్టింది వైకుంఠరావే అయి ఉంటాడు. అతని ముడికి ఇంకో గొప్ప కూడా ఉంది. ఎంత గట్టిగా పట్టినా సరే, కావాలన్నప్పుడు కొస పట్టి ఒక్క లాగు లాగితే విడిపోతుంది. నడిసముద్రంలో తాడుతో పేచీ పెట్టుకునే తీరిక ఎవరికీ ఉండదు. విడిపోని పీటముడి వేసేవాణ్ని అక్కడ పడవ ఎక్కనివ్వరు. ముప్పై రెండేళ్ళ బతుకులో వైకుంఠరావు ఒక్క పీటముడి వేసి ఎరగడు.

రెండువేల మూడో సంవత్సరం ఏప్రిల్ నడిమి నుంచి నలభై అయిదు రోజులు ఇంజను పడవలకు వేట నిషేధం అన్నారు. చేపలు గుడ్లు పెట్టే కాలమట. ఆ విధంగా చేపలకు పిల్లల్ని కనడానికి తీరిక దొరికింది, వైకుంఠరావుకి కన్న పిల్లను చూసుకునే పని దొరికింది.

ఆ పిల్ల పేరు సంతోషి. రెండేళ్ళు నిండి ఎనిమిది నెలలు. మామూలు రోజుల్లో అతను చీకటితోనే వేటకు పోయి పొద్దుపోయాక వచ్చేవాడు. వచ్చేసరికి పిల్ల అన్నం తిని నిద్రపోతూ ఉండేది. పిల్లల్ని పెంచడమంటే ఇంతే కాబోలని అతని అభిప్రాయం. అందుకే పిల్లను తన దగ్గర వదిలి పొమ్మని పెళ్ళాం గౌరికి తనే చెప్పాడు. వలనిండా చేప పడితే లాగేవాణ్ని, పదకొండు కిలోల పిల్లను చూసుకోలేనా అని కూడా అన్నాడు.

గౌరి ఎండుచేపలు అమ్ముతుంది. వేట లేని ఆ రోజుల్లో ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆమె నెత్తి మీది గంప తప్ప ఇంకో ఆధారం లేదు. గంప ఎత్తుకుంటూ ఆమె ఒక్క మాట చెప్పింది.

"దాన్ని నీటి కాడికి పోనీకు మావా. ఒక్కసారి అది సముద్రంల దిగినాదని తెలిసినా నాను యాపారం మానీసి ఇంట్ల కూకుంటాను. అప్పుడు ముగ్గురం ఏటి తింతామో నువ్వే సెప్పు."

మొదటి రోజు సంతోషి మంచినీళ్ళ బిందెలో పీత పిల్లను పెంచింది. రెండో రోజు రేడియో బ్యాటరీలు బియ్యం డబ్బాలో దాచి, వాళ్ళమ్మ బొట్టుబిళ్ళలన్నీ పక్కింటి మేక మొహానికి అంటించింది. మేక ఏమీ అనలేదు గాని మేక తాలూకు మనుషులు చాలా అన్నారు. వీటి మధ్య ప్రతి వస్తువునీ చూపించి "ఇదేటి?" అని అడుగుతుంది. చెబితే "ఎందుకు?" అంటుంది. ఎండుచేప కళ్ళు ఎందుకు మూసుకోదో వైకుంఠరావు చెప్పలేకపోయాడు. ఇరవై ఏళ్ళుగా చేపల్ని చూస్తున్నా ఆ సంగతి అతనికి తట్టనే లేదు.

మూడో రోజు పిల్ల రెండుసార్లు ఒడ్డు వైపు పరిగెత్తింది. దాంతో అతను ఊరందరూ చేసే పనే చేశాడు. నడుముకి తాడు కట్టి, రెండో కొస కొబ్బరిచెట్టుకి కట్టాడు. ఊళ్ళో తల్లులు అయితే పాత చీర పేలికతో పీటముడి బిగించి పనికి పోతారు. వైకుంఠరావు చేతులకు ఆ పాపిష్టి పని రాలేదు. పడవకు వేసే ముడే పిల్లకూ వేశాడు.

అతను వల బాగుచేస్తుంటే సంతోషి ఆ వేళ్ళనే చూస్తూ కూర్చుంది. అంత బుద్ధిగా పిల్ల కూర్చోవడం చూసి అతనికి ముచ్చటేసింది. మర్నాడు పొద్దున్నే అది కొస పట్టి ఒక్క లాగు లాగి, తాడు చక్కగా చుట్టి పక్కన పెట్టి మరీ పోయింది.

అప్పుడు భయపడవలసినవాడు గర్వపడ్డాడు. పక్కింటి పోలారావుని పిలిచి చూపించాడు. ఇంకో రకం ముడి వేశాడు, మధ్యాహ్నానికి అదీ విప్పింది. పోలారావు తన తాత నేర్పిన ముడి వేశాడు, అది విప్పడానికి పిల్లకు రెండు రోజులు పట్టింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని పోలారావు ఒప్పుకున్నాడు. వారం తిరిగేసరికి ఊళ్ళో పని లేని మగాళ్ళంతా, అంటే మగాళ్ళంతా, వచ్చి తలో ముడి వేసి చూశారు. సాయంత్రం గౌరి వచ్చి పిల్ల ఎలా ఉందని అడిగితే వైకుంఠరావు బంగారంలా ఉందనేవాడు. విప్పుకున్న ప్రతిసారీ అది నీటి వైపు ఎంత దూరం పోయిందో మాత్రం చెప్పేవాడు కాదు.

ఇక ముడులు మిగలక, పిల్ల నడుముకి కట్టిన తాడు రెండో కొసను తన మణికట్టుకి కట్టుకుని నులకమంచం మీద నడుం వాల్చాడు. పిల్ల కదిలితే తనకు తెలుస్తుందని అతని లెక్క. మే నెల ఎండ, ఒడ్డున చల్లగాలి. కన్ను మూతపడింది.

మెలకువ వచ్చేసరికి పిల్ల లేదు. లేవబోతే చెయ్యి రాలేదు. సంతోషి తన నడుము ముడి విప్పుకుని, ఆ కొసను మంచం కోడుకి చుట్టింది. చుట్టి, దూర్చి, మళ్ళీ చుట్టి, బలంకొద్దీ లాగింది. విప్పడమే గాని ముడి వెయ్యడం దానికి ఎవరూ నేర్పలేదు గనక, అది పద్ధతిగల ముడి కాదు. వైకుంఠరావు ఎంత లాగితే అంత బిగుసుకుంది. అతని మణికట్టు దగ్గరి ముడి కూడా ఆ లాగుడికి చర్మంలోకి దిగిపోయి, కొస దొరకలేదు.

కత్తి ఇంట్లో ఉంది. ఇల్లు ఒకవైపు, సముద్రం ఇంకోవైపు. అతను మంచాన్ని నెత్తికెత్తుకుని సముద్రం వైపు పరిగెత్తాడు. తుఫానులో పడవ తిరగబడి రాత్రంతా తేలినప్పుడు కూడా అతనికి అంత భయం వెయ్యలేదు.

సంతోషి అల వచ్చే చోటే గొంతుకు కూర్చుని పీత కన్నంలో వేలు పెట్టి చూస్తోంది. అల వస్తే నీళ్ళు నడుము దాకా వస్తున్నాయి, పోతున్నాయి. వాటితో దానికి పేచీ లేదు. వైకుంఠరావు మంచంతో సహా దాని పక్కన కూలబడి, ఖాళీగా ఉన్న చేత్తో పిల్లను గుండెకు అదుముకుని ఏడ్చాడు. మంచం పరుగు చూసి వెనకాలే వచ్చిన మగాళ్ళందరూ అది చూశారు. పోలారావు కత్తి తెచ్చి తాడు కోస్తున్నప్పుడే గౌరి ఖాళీ గంపతో వచ్చింది.

ఆమె అరుస్తుందనుకున్నాడు. ఆమె మంచాన్ని చూసింది, అతని చేతిని చూసింది, పిల్ల తడిగౌను పిండింది. అన్నాలయ్యాక చెప్పింది. వ్యాపారం మానితే కుదరదని ఆమెకు అతనికంటే బాగా తెలుసు.

"రేపట్నించి ఇద్దరూ నా ఎనకాల వచ్చీయండి."

ఆ ఊళ్ళో మగాడు చేపలు పడతాడు, ఆడది అమ్ముతుంది. పెళ్ళాం గంప వెనకాల బజారుకి నడిచిన మగాడు అంతకు ముందు లేడు. పొద్దున్నే పిల్లను చంకనెత్తుకుని వైకుంఠరావు బయల్దేరితే, రేవులో కూర్చున్నవాళ్ళు లేచి నిలబడి మరీ చూశారు.

నౌపడ దాకా నడిచి అక్కడ టెక్కలి ఆటో ఎక్కాలి. ఉప్పుమళ్ళ గట్టు సగం దాటేసరికి అతని ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. పిల్ల అటు వాలుతుంది, ఇటు వాలుతుంది, ఉప్పు కుప్ప చూపించి ఇదేటి అంటుంది. ముందు గౌరి చెయ్యి పట్టకుండానే గంపతో పోతోంది. అప్పుడు అతనికి ఒక సందేహం వచ్చింది, చాలా ఆలస్యంగా.

"గౌరీ, నాను ఏటకెల్లినప్పుడు దీన్ని ఎవులి కాడ ఒగ్గీదానివే?"

నెత్తిన బరువుంది గనక ఆమె వెనక్కి తిరగలేదు.

"ఎవులున్నారు మావా ఒగ్గడానికి? నెత్తి మీద గంప, సంకల ఇది. రెండేల్లూ ఈ గట్టు మీదే మోసినాను."

వైకుంఠరావుకి సిగ్గేసింది. నాలుగు అంగలు వేసి ఆమెను కలుసుకుని, ఆ గంప కూడా ఇలా ఇమ్మన్నాడు.

"ముందు దాన్ని దింపకుండా నౌపడ దాకా రా. గంప సంగతి తరవాత సూద్దాం."

అతను పిల్లను కుడి చంకకి మార్చుకున్నాడు.