ముట్టింది సార్

1981లో నేను హన్మకొండలో ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ని. క్లుప్తంగా పి.డి. పిల్లలు ఇంకొంచెం క్లుప్తం చేసి ‘పీడ’ అనేవారు. నేను వినబడనట్టు ఈల ఊదేవాణ్ని. మా కాలేజీ క్రీడా సంపద మొత్తం వెనకవైపు ఉన్న ఒక్క బాల్ బ్యాడ్మింటన్ కోర్టు. రోజూ సాయంత్రం దానిమీద నీళ్లు చల్లించి, సున్నంతో గీతలు గీయడం నా పని. నా చేతిరాత నాకే అర్థమయ్యేది కాదు గానీ నా చేతిగీతకు మాత్రం వంక ఉండేది కాదు. “మీ ఆయన ఏం చేస్తడు?” అని ఎవరైనా అడిగితే మా ఆవిడ “పొద్దుమూకితే కోర్టుకు పోతడు” అనేది. విన్నవాళ్లు వకీలనుకునేవారు. ఆమె కాదనేది కాదు.

ఈ ఆట చూడనివాళ్లకు రెండు ముక్కలు. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు, నడుమ నెట్. పసుపు పచ్చని ఊలు బంతిని నేల మీద పడనివ్వకుండా బ్యాటుతో అటూ ఇటూ కొట్టుకోవాలి. ఆ రోజుల్లో సర్వీసు చేసే జట్టుకే పాయింటు వచ్చేది. సర్వీసు చేసే వంతును ‘హ్యాండ్’ అంటారు. బంతి గీత దాటి పడితే కొట్టినవాడిది తప్పు. కానీ దాటేముందు అవతలివాడి బ్యాటును రవ్వంత తాకినా అది ‘టచ్’, తప్పు తాకించుకున్నవాడిది. ఇంత తెలిస్తే చాలు. నాకూ ఇంతకంటే పెద్దగా తెలియదు.

మా స్టాఫ్ ఆటలో దేవదానం సార్ ఉండేవారు. కెమిస్ట్రీ లెక్చరర్. నెక్కొండ దగ్గరి పల్లెలో పుట్టి, మిషన్ హాస్టల్లో చదువుకుని, నలభై దాటాక మొదటిసారి బ్యాటు పట్టిన మనిషి. తల్లిదండ్రులు ఏం తలచి ఆ పేరు పెట్టారో గానీ ఆయన చేసింది మాత్రం దానమే. అవతలి జట్టుకు పాయింట్ల దానం. ఎత్తుగా వచ్చిన బంతికి వంగేవారు, కిందికి వచ్చినదానికి ఎగిరేవారు. అయినా నేను గీతలు గీసేసరికే వచ్చి నిలబడేవారు. ఆట ముగిశాక, ఓడిన మనిషి ముఖం మీద ఉండకూడనంత వెలుగుతో నా దగ్గరికి వచ్చేవారు.

“ఇయ్యాల ఒక్క బంతి బ్యాటు నట్టనడుమ తాకింది సార్. సప్పుడు ఇన్నరా?”

బంతి సరిగ్గా గట్స్ మధ్యలో, అంటే బ్యాటుకు అల్లిన తీగల నడుమ తగిలితే ‘టంగ్’మని ఒక చప్పుడు వస్తుంది. ఆడేవాళ్లకు రోజూ నూరుసార్లు వస్తుంది గనక వాళ్లకు వినబడదు. దేవదానం సారుకు ఒకటే వచ్చేది. ఆ ఒక్కటి పట్టుకుని సైకిలెక్కి ఇంటికి వెళ్లేవారు, మళ్లీ రేపు దాని జతకోసం వచ్చేవారు.

నేను ఊరుకుంటే బాగుండేది. కానీ నా ట్రైనింగులో ‘మోటివేషన్’ అని ఒక పాఠం ఉండేది. ఆటగాడిలో ఉత్సాహం నింపడం ఎట్లా అన్నది విషయం. ఎవరిలో నింపుదామా అని ఏళ్లుగా ఎదురుచూస్తున్నాను. “సార్, నేను బాగా ఆడతాను, గెలుస్తాను అని మనసులో గట్టిగా అనుకోండి. అదే అయితది” అన్నాను.

ఆయన నా వైపు జాలిగా చూశారు. “లాబ్‌ల ఉప్పును చక్కెర అనుకుంటే తియ్యగైతదా సార్? నేను మంచిగ ఆడుత లేనని నాకు ఎరికే. గందుకు నాకేం ఫికర్ లేదు. సప్పుడు వస్తాంది గద.”

ఆ రోజుతో నా మోటివేషన్ పాఠం మూత పడింది.

గొడవ ఇంకోచోట మొదలైంది. మా కెప్టెన్ రాజిరెడ్డి, లెక్కల లెక్చరర్, మంచి ఆటగాడు, మంచి మనిషి కూడా. ఒక సాయంత్రం దేవదానం సార్ వరసగా బంతులు పోగొడుతుంటే అతనికి దయ పుట్టింది.

“అన్నా, దేవదానమన్న పోగొట్టింది లెక్క లేదు. మళ్లొకసారి వెయ్యుండ్రి. ఆయన మన ఆటల అరటిపండు!”

చిన్నపిల్లల ఆటలో మరీ చిన్నవాణ్ని కాదనలేక చేర్చుకుంటారు చూడండి, వాడు ఔటైనా ఔటు కాదు, వాడు గెలిచినా గెలుపు కాదు, ఆ అరటిపండు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. దేవదానం సార్ కూడా నవ్వి, బ్యాటు చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు. మర్నాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు.

చివరికి నేనే కెమిస్ట్రీ లాబ్‌కు వెళ్లాను. కుళ్లిన కోడిగుడ్డు వాసన మధ్య ఆయన పరీక్షనాళికలు కడుగుతున్నారు.

“పాణం మంచిగ లేదా సార్?”

“పాణానికేమైంది సార్, మంచిగనే ఉన్న.” ఇంకో నాళిక కడగడం మొదలుపెట్టారు. తర్వాత నా వైపు చూడకుండానే చెప్పారు. “మా ఊర్ల బడి వెనక పెద్ద కులాల పోరగాళ్లు బంతాట ఆడేది. బంతి తుమ్మకంపల వడితే తీసుడు నా పని. చేతులతోటి కాదు. ‘ముట్టకురా, కట్టెతోటి దొర్లియ్యి’ అనేది. ముండ్లు నాయి, ఆట వాళ్లది. గా కట్టెనే నా మొదటి బ్యాటు సార్.” ఇక్కడ ఆయన కొంచెం నవ్వారు. “ఒకపారి అడిగిన, నన్ను గూడ ఆడనియ్యుండ్రి అని. వాళ్లల్ల ఒకడన్నడు, ‘నువ్వు మా ఆటల అరటిపండువురా, ఉన్నా లేనట్టే’ అని.”

కడిగినదాన్ని ఆయన స్టాండులో బోర్లించారు.

“రెడ్డి సార్ మంచోడే. పావురంగనే, ప్రేమతోటే అన్నడు. గదే ఎక్కువ గుచ్చుకున్నది. నేను తప్పు కొడితే తిట్టుండ్రి సార్. గని లెక్క పెట్టుండ్రి. నా తప్పు నాకు గావాలె.”

బయటికి వచ్చేసరికి నాకు ఒళ్లు మండిపోతోంది. ఊలు బంతి అది! దానికి మైల ఏమిటి, మడి ఏమిటి? ఒక పిల్లవాడు ముళ్లలో దూరి తెస్తే వాడి వేళ్లు తగలకూడదు, ఆట మాత్రం సాగాలి. ఆ పోరగాళ్లు ఇప్పుడు ఎక్కడ ఏ ఉద్యోగాల్లో ఉన్నారో, ఏ సభల్లో ఆటల వల్ల సమానత్వం వస్తుందని ఉపన్యాసాలు ఇస్తున్నారో! ఆ ఉపన్యాసం నేనూ ఏటా స్పోర్ట్స్ డే నాడు ఇచ్చేవాణ్ని.

రాజిరెడ్డికి చెప్పాను. అతను విని, చాలాసేపు బ్యాటు తీగలు సవరించుకుంటూ కూర్చున్నాడు. “నాకు ఎరుక లేదన్నా” అని మాత్రం అన్నాడు. సాయంత్రం తనే లాబ్‌కు వెళ్లి దేవదానం సారును పిలుచుకొచ్చాడు. మొదటి బంతే ఆయన నెట్‌లోకి కొట్టారు.

“పాయే! బంగారమసొంటి హ్యాండ్ పాయే!” రాజిరెడ్డి గొంతు చించుకున్నాడు. “జర సూసి కొట్టు దేవదానమన్నా! కండ్లేడ వెట్టుకున్నవే!”

తిట్టు తిన్న మనిషి అంత సంతోషపడటం నా సర్వీసులో అదే చూడటం.

ఆ శీతాకాలం కాలేజీల స్టాఫ్ జట్లకు పోటీలు పెట్టారు. మా అదృష్టమో, రాజిరెడ్డి భుజబలమో, ఫైనల్‌కు వచ్చాం. అదీ మా కోర్టులోనే. ముందురోజు ఇంగ్లీషు లెక్చరర్ మెట్లు దిగుతూ కాలు బెణికించుకున్నాడు. ఐదో మనిషిగా మిగిలింది దేవదానం సార్.

ప్రిన్సిపాల్ నన్ను గదికి పిలిచారు. “ఆయనను దింపుతవా? కప్పు మనకు వద్దా?”

“జాబితాలో ఉన్నది ఆయనే సార్.”

“అయితే ఒక మూలకు నిలబెట్టు. బంతి రాని మూలకు.”

“బంతికి నా మాట వినే అలవాటు లేదు సార్” అన్నాను. ఆయనకు హాస్యం నచ్చేది కాదు. నాకు వచ్చింది అదొక్కటే.

అంపైరుగా రావలసినాయన ఎక్కిన బస్సు మడికొండ దగ్గర ఆగిపోయింది. అవతలి జట్టు కెప్టెన్ పెద్దమనిషి, “మీరే చేయండి సార్, నమ్మకం ఉంది” అన్నాడు. ఆ నమ్మకం మోయలేక నా కుర్చీ ఒక కాలు ఊగుతూనే ఉంది. చెరొక గేమ్ గెలిచాక మూడోది చివరికొచ్చింది. ఇద్దరికీ ఒక్క పాయింటే తక్కువ. సర్వీసు వాళ్లది. కాలేజీ పిల్లలంతా గీత చుట్టూ గుంపుకట్టి అరుస్తున్నారు.

బంతి నాలుగైదుసార్లు అటూ ఇటూ తిరిగింది. ఆఖరికి, నేను చెప్పినట్టే మాట వినక, మూలనున్న దేవదానం సార్ మీదికి వెళ్లింది. ఆయన ఎగిరారు. బంతి బ్యాటు మీదుగా పోయి గీతకు బెత్తెడు అవతల పడింది.

“అవుట్!” అన్నాను. హ్యాండ్ మాది, ఇక ఒక్క పాయింటు కొడితే కప్పు కూడా. పిల్లలు కోర్టులోకి దూకేశారు. ప్రిన్సిపాల్ కూడా లేచి నిలబడ్డారు.

అప్పుడు మూల నుంచి ఒక చెయ్యి లేచింది.

“ముట్టింది సార్.”

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన మళ్లీ చెప్పారు. “నా బ్యాటుకు ముట్టింది. కొసకు.”

“ఏం ముట్టలే!” రాజిరెడ్డి పరుగెత్తుకొచ్చాడు. “నేను పక్కకే ఉన్న. సప్పుడే రాలే!”

“సప్పుడు రాలే రెడ్డి సార్. గని నా చేతికి తెల్సింది. ముట్టింది.”

అవతలి కెప్టెన్ నెట్ దగ్గరికి వచ్చాడు. “మేమూ చూడలేదు. ఎందుకు సార్ పంచాయితి, లెట్ పెట్టుకుందాం” అన్నాడు. లెట్ అంటే ఆ బంతి ఆడనట్టే, మళ్లీ వేయడం. అతనిది నిజమైన మర్యాద. ఒప్పుకుంటే మాకు ఇంకో అవకాశం. పిల్లలు “లెట్, లెట్” అని అరిచారు. నేను రాజిరెడ్డి వైపు చూశాను. రాజిరెడ్డి దేవదానం సార్ వైపు చూశాడు. బ్యాటు ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు. కప్పు కోసం ఏడాదంతా చెమటోడ్చినవాడు మరి.

“లెట్ లేదు, ఏం లేదు” అన్నాడు రాజిరెడ్డి. “మా అన్న ముట్టిందన్నడు. అంటే ముట్టింది. పాయింటు మీదే.”

“టచ్” అన్నాను. “గేమ్.”

ఓడిపోయాం.

ప్రిన్సిపాల్ అక్కడే, అందరి ముందే విరుచుకుపడ్డారు. “ఎవనికి కనవడ్డది? ఎవనికి ఇనవడ్డది? నోరు మూసుకుంటే కప్పు మనది! వచ్చే ఏడు ఈయన పేరు నాకు కనపడద్దు!”

నేను జీవితంలో పైవాళ్లకు ఎదురు చెప్పింది తక్కువ. నా ఈలకున్న ధైర్యం కూడా నాకు ఉండేది కాదు. కానీ ఆరోజు కుర్చీ దిగి అన్నాను: “సార్, ఆయన తాకలేదంటే మన పిల్లలు చప్పట్లు కొడదురు. తాకిందన్నాడు. పిల్లలకు నేను పదేళ్లు ఈల ఊది చెప్పలేనిది ఆయన ఒక్క మాటతో చెప్పిండు. వచ్చే ఏడు జాబితాలో మొదటి పేరు ఆయనదే రాస్తా. మీకు నచ్చకుంటే నా పేరు కొట్టెయ్యండి.”

నా పేరు కొట్టెయ్యలేదు. ఆ ఏడు కోర్టు గీతల సున్నానికి మాత్రం సున్న శాంక్షన్ చేశారు. గీతల్లేకుండా ఎట్లా ఆడాలా అని నేను తల పట్టుకుంటే, దేవదానం సార్ సైకిలు వెనక ఒక సంచి కట్టుకుని వచ్చారు. క్రిస్మస్‌కు వాళ్ల చర్చి గోడలకు వేయగా మిగిలిన సున్నం.

ఆ తర్వాత నా సర్వీసులో ఎందరో ఆటగాళ్లను చూశాను. సరిగా ఆడలేక కుంగిపోయేవాళ్లు నా దగ్గరికి వస్తే ‘గెలుస్తాననుకో’ అని మళ్లీ ఎవరికీ చెప్పలేదు. “ఇయ్యాల ఒక్క బంతన్నా నడుమ తాకిందా?” అని అడిగేవాణ్ని. తాకిందంటే, రేపు రమ్మనేవాణ్ని. తాకలేదంటే, ఎన్ని పోగొట్టావో లెక్క చెప్పమనేవాణ్ని. లెక్క చెప్పగలిగినవాడు ఆటలో ఉన్నట్టే. పోగొట్టినవాటిని దయతో మాఫీ చేసి పిల్లవాణ్ని ప్రోత్సహించామనుకునే వాళ్లను చూస్తే మాత్రం నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఫైనల్ ఓడిన మర్నాటి సాయంత్రం సంగతి చెప్పి ముగిస్తాను. ఎవరూ రారనుకుంటూ కోర్టుకు వెళ్తే, దేవదానం సార్ నాకంటే ముందే ఉన్నారు. రాజిరెడ్డి బ్యాటు ఊపుకుంటూ వచ్చాడు.

“రావే, మ్యాచ్ ఓడగొట్టిన మనిషీ!”

“ఓడగొట్టింది నేనే” అన్నారు దేవదానం సార్, బహుమతి పుచ్చుకున్నంత గర్వంగా. తర్వాత మొదటి బంతినే బలంగా ఆకాశానికి లేపారు. అది గోడ దాటి తుమ్మకంపలో పడింది. అలవాటుగా ఆయనే గోడ వైపు కదిలారు.

“ఆగు” అని రాజిరెడ్డి గోడ దూకాడు. తిరిగి వచ్చేసరికి మోచేతి మీద గీరుకుపోయిన ఎర్రటి గీత. నెట్ కింద నుంచి దొర్లించి పంపడం ఆటలో రివాజు. అతను అలా చేయలేదు. నెట్ చుట్టూ తిరిగి వచ్చి, బంతిని దేవదానం సార్ అరచేతిలో పెట్టాడు. మా వరంగల్‌లో ముట్టడమంటే తాకడమే కాదు, చేరవలసింది చేరడం కూడా. మనియార్డరు వస్తే ముట్టిందా అనే అడుగుతారు.

“ముట్టిందా అన్నా?” అన్నాడు రాజిరెడ్డి.

దేవదానం సార్ బంతి చుట్టూ వేళ్లు మూసుకున్నారు.

“ముట్టింది.”