కెమెరాకు దిష్టిచుక్క

కెమెరా ముందు మామూలుగా ఉండే మనిషి మా వైపు ఇంకా పుట్టలేదు. వీడియో కోర్సులో చేరిన కొత్తలోనే నాకు ఈ సంగతి తెలిసిపోయింది. ఒక టీకొట్టాయన్ని "రోజూ చేసే పనే చేయండి" అంటే, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. వెనక టీ పొంగి పొయ్యి ఆరిపోయింది. పక్కనే కూరగాయలమ్మే ఆమె ఫొటో అనుకుని బొమ్మలా కూర్చుంది. "ఇది వీడియో, కదలాలమ్మా" అంటే తల ఒక్కటీ అటూ ఇటూ ఊపింది.

కోర్సు సూర్యాపేటలో, మార్కెట్ దారిలో ఒక ఎరువుల దుకాణం పైన. డబ్బు కట్టనక్కర్లేదు, కెమెరా, సౌండు, ఎడిటింగ్ అన్నీ నేర్పిస్తామన్నారు. సౌండు క్లాసు ఎప్పుడు పెడితే అప్పుడే కింద వడ్ల ట్రాక్టర్లు బారులు తీరేవి. ఆ హారన్ల మధ్య, నిశ్శబ్దాన్ని ఎలా రికార్డు చేయాలో హైదరాబాద్ నుంచి వచ్చిన సారు గొంతు చించుకుని చెప్పేవాడు. ఆయనకు ఒకటే పిచ్చి. ఫ్రేములో గాలి ఉండాలి. మనిషిని చిన్నగా పెట్టాలి, చుట్టూ నేల, పైన ఆకాశం కనిపించాలి. "పెళ్లి వీడియోలాగా మొఖాలు కుక్కొద్దు" అని రోజూ తిట్టేవాడు.

మాది మాడుగులపల్లి దగ్గర పల్లె. మిర్యాలగూడకు వచ్చి ఇంకో బస్సు పట్టుకుంటే సూర్యాపేట. అంతకుముందు మిర్యాలగూడలో చీరల షాపులో బిల్లులు కొట్టేదాన్ని. ఆ కుర్చీలోకి మళ్లీ పోకూడదని నా పంతం. కోదాడలో ఒక లోకల్ ఛానెల్‌వాళ్లు మా బ్యాచ్‌లో ఒకరిని కెమెరా పనికి తీసుకుంటామన్నారు. కోర్సు చివర అందరూ తలా ఒక చిన్న సినిమా తీయాలి, ఎవరిది బాగుంటే వాళ్లకే ఉద్యోగం. మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఆ ఉద్యోగం నాకు కావాలి. బస్సులో కూర్చుని కోదాడలో గది ఎక్కడ తీసుకోవాలో కూడా అనుకున్నాను.

నాయిన గొర్రెలు కాయడం మీద తీద్దామనుకున్నాను. కోర్సుకు ఉన్నది ఒకే మంచి కెమెరా, మనిషికి ఒక్కరోజే ఇస్తారు. నా వంతు రోజు పొద్దున మా నాయిన తెల్లటి కొత్త పంచె, ఇస్త్రీ అంగీ, భుజాన జరీ కండువాతో గొర్రెల దొడ్డి ముందు నిలబడ్డాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"నాయినా, రోజు కట్టుకునే పంచె కట్టుకోరాదే?"

"నలుగురు సూసేదాంట్ల పాత పంచె కట్టుకుంటనా? నన్ను బిచ్చగాని లెక్క సూపెడ్తవా?"

ఆ గొడవ ముగిసేసరికి వాడకట్టంతా వచ్చింది. ఒకామె మనవడిని ఎత్తుకొచ్చి లెన్సు ముందు పెట్టింది. పెదనాయిన "ఏ ఛానెల్ల వస్తది?" అని అడుగుతూ, నాయిన ఎటు నడిస్తే అటు ఫ్రేములోకి నడిచాడు. కెమెరా వైపు చూడొద్దు అని నాయినకు చెప్పిన పాపానికి పూర్తిగా వీపు తిప్పేశాడు. గొర్రెలు మాత్రం అన్నీ ఒక్కసారే కెమెరా వైపు చూశాయి.

మధ్యలో అమ్మ కాటుక భరిణె పట్టుకుని నా చెంప మీదికి వచ్చింది. ఆముదం దీపం మసితో తనే చేసే కాటుక, దాని జిడ్డు సబ్బుకు కూడా లొంగదు.

"జర ఆగు బిడ్డా. నరుని కంటికి నల్లరాయి గూడ పలుగుతదంటరు."

"నేనేమన్న చంటిపిల్లనా? పో అమ్మా!" అని చెయ్యి తోసేశాను. మొఖం మాడ్చుకుని పోయింది.

మధ్యాహ్నం ఒక తుమ్మచెట్టు కింద కెమెరాను స్టాండు మీదే వదిలి అమ్మ తెచ్చిన సద్ది తిన్నాం. తర్వాత కాల్వ గట్టు మీద, ఎండ కాస్త వాలాక, జరగాల్సింది జరిగింది. నేను నాయిన్ని నడిపించే గోలలో ఉండగా గొర్రెలు ఎవరిదో వరి మడిలో పడ్డాయి. నాయిన కెమెరాను మరిచాడు, ఇస్త్రీ అంగీని మరిచాడు. పంచె పైకి దోపి, గొర్రెల ఏడు తరాలనూ తిడుతూ ఉరికాడు. పచ్చటి మడి, పెద్ద ఆకాశం, దాని కింద వేలెడంత మా నాయిన. ఫ్రేము నిండా గాలి! ఎండకు కెమెరా తెర సరిగా కనబడకపోయినా నాకు తెలుసు, కోదాడ ఉద్యోగం వచ్చేసినట్టే. పొద్దున్నుంచి పడ్డ చిరాకంతా పోయి నవ్వొచ్చింది.

మర్నాడు ఎడిటింగ్ గదిలో ఆ ఆకాశంలో, కుడి పక్కన, నల్లటి మరక. మధ్యాహ్నం తర్వాత తీసిన ప్రతి షాటులోనూ ఉంది.

"మబ్బా?" అన్నాడు సారు.

లెన్సు తుడిచాను. గుడ్డకు నల్లటి జిడ్డు అంటుకుంది. వాసన చూశాను. ఆముదం.

కెమెరా ఆ రోజు ఇంకొకరి వంతు, మళ్లీ తీసే వీల్లేదు. మరక తప్పించాలంటే బొమ్మను పెద్దది చేసి అంచులు కోసేయాలి. కోశాను. ముందు ఆకాశం పోయింది, తర్వాత మడి పోయింది, గొర్రెల కాళ్లు పోయాయి. చివరికి తెర నిండా నాయిన మొఖమే మిగిలింది. అచ్చం పెళ్లి వీడియో.

కోదాడ నుంచి వచ్చిన ఛానెలాయన మర్యాదస్తుడు. "బానే ఉందమ్మా. కానీ ఇంత దగ్గరగా కుక్కేశావేంటి? చూసేవాడికి ఊపిరాడొద్దా?" అన్నాడు. ఉద్యోగం వేరే అమ్మాయికి ఇచ్చాడు.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా అరిచాను. "గొర్లకు దిష్టి తగుల్తదని నా నౌకరి ముంచినవ్ గద! మీ గొర్లు సల్లగుండాలె, నేను మాత్రం మళ్ల చీరల షాపుకు పోవాలె!"

అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట పక్కన పెట్టింది.

"గొర్లకెవలు పెట్టిండ్రే? నీకు పెట్టిన. ఊరోళ్లు గొర్లను సూడనీకి వచ్చిండ్రా? నిన్నే సూడవట్టిరి. చెంపకు పెట్టనియ్యకపోతివి. నీ మొఖానికి అడ్డం ఉన్నది గా కెమెరనే గద, గందుకే దానికి పెట్టిన."

నాకు కోపం తగ్గలేదు. తగ్గిందని రాస్తే అబద్ధమవుతుంది. అయితే వెళ్లి చెప్పులు విప్పుకున్నాను.

చీరల షాపుకైతే పోలేదు. ఇప్పుడు మిర్యాలగూడలో ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి వీడియోలు తీస్తున్నాను. ఫ్రేములో గాలి ఉంటే ఇక్కడ తన్నుతారు, చుట్టాల మొఖాలన్నీ పడాలి. పని మీద బయల్దేరిన ప్రతిసారీ అమ్మ కాటుక భరిణెతో గడప దగ్గర కాపు కాస్తుంది. తిట్టీ తిట్టీ విసుగొచ్చి, లెన్సు మూత తన చేతికిచ్చి "పెడితే దీనికే పెట్టు" అన్నాను. నల్ల మూత మీద నల్ల చుక్క. అదేం దిష్టి ఆపుతుందో ఆమెకే తెలియాలి.

మొన్న దామరచర్లలో ఒక పెళ్లి. ముహూర్తం దగ్గరపడింది, ఉక్కకు చెమట కారిపోతోంది. పెళ్లికూతురి మేనత్త నా మొఖం వైపే చూసి, "మేడం, చెంపకు ఏదో నల్లగ అయింది" అంది. చెయ్యి పెట్టి చూసుకున్నాను. కాటుక. మూత తీసిన వేలితోనే చెమట తుడుచుకున్నట్టున్నాను. చేతిరుమాలు తీయబోయాను గానీ, అప్పుడే జీలకర్ర బెల్లం పెట్టే వేళయింది. పెళ్లయ్యేదాకా అలాగే తీశాను.