సంతోషానికి అయిదు మార్కులు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టగానే ఎడ్లబండ్లూ, కిరసనాయిలు దీపాలూ గుర్తొస్తాయేమో మీకు. అంత వెనక్కి వెళ్ళక్కర్లేదు. నేను చెప్పే రోజుల్లో అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, అందరూ మెసేజీలు కొడుతూనే ఉన్నారు. అయినా ఆ రోజుల్లో అనే అంటాను. అప్పటి నాకూ ఇప్పటి నాకూ మధ్య అంత దూరం ఉంది మరి. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. మనిషి మనసులో ఏముందో అదే మాటలో ఉంటుందనీ, మాటలో ఏముందో నాకు బాగా తెలుసుననీ గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని చూసి ఉద్యోగం కూడా ఇచ్చారు.

ఉద్యోగం ఏమిటంటే, మాటలకు మార్కులు వెయ్యడం. పొద్దున్నే తాడేపల్లిగూడెంలో పాసింజరెక్కి ఏలూరులో దిగి, పవర్‌పేటలో ఒక టైలరు షాపు మేడ మీదున్న ఆఫీసుకు వెళ్ళేదాన్ని. కొల్లేటి చుట్టుపక్కల చేపల చెరువులున్న రైతులకు సలహాలిచ్చే చిన్న కంపెనీ అది. చెరువులో ఏ ఇబ్బంది వచ్చినా రైతు మెసేజీ పెడతాడు, మావాళ్ళు ఫోన్ చేసి ఏం చెయ్యాలో చెబుతారు. మెసేజీలు ఎక్కువైపోయి ఏది ముందు చూడాలో తెలియక, మా సారు ఆ పని కంప్యూటరుకు అప్పగించారు. కోపంగానో బాధగానో ఉన్న మెసేజీని అది వెతికి పైకి తెస్తుంది. సంతోషంగా ఉన్నదానికి తనే ఒక జవాబు పంపేసి పక్కన పెడుతుంది. అయితే ఏ మాటలో సంతోషముందో, ఏ మాటలో ఏడుపుందో దానికెవరు చెప్పాలి? తెలుగు ఎమ్మే చదివాను కాబట్టి నేను చెప్పాలి. ఒక్కో మాటకూ మైనస్ అయిదు నుంచి ప్లస్ అయిదు దాకా. "సంతోషం"కి ప్లస్ అయిదు, "చావు"కి మైనస్ అయిదు, "మహానుభావుడు"కి బాగా ఆలోచించి ప్లస్ నాలుగు. (ఒక మార్కు ఎందుకు తగ్గించానో ఇప్పుడు గుర్తులేదు.)

ఇంట్లో మా అమ్మకు ఇది పెద్ద వినోదం. అన్నం వడ్డిస్తూ అడిగేది. "వెధవకి ఎన్ని వేశావే?"

"మైనస్ నాలుగు."

"అదేమిటే, మీ మావయ్యని రోజుకి పదిసార్లంటాను. వాడెప్పుడూ ఏమీ అనుకోలేదే?"

"అది నీ వాడకం అమ్మా. నేను మార్కులు వేసేది మాటకి, నీకు కాదు" అన్నాను. (ఆ వాక్యం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.)

ఇలా కొన్ని నెలలు గడిచాక ముసురు పట్టింది. వారం రోజులు ఎండ మొహం లేదు. శనివారాల్లో నాకొక ముచ్చటైన పని ఉండేది. ఆ వారం వచ్చిన మెసేజీల్లో అన్నిటికంటే సంతోషంగా ఉన్నవి ఏరి సారుకు చదివి వినిపించాలి. ఆ శనివారం ఒకావిడ అందరినీ దాటుకుని మొదటి స్థానంలో నిలిచారు. నేను కాగితం పట్టుకుని లేచి, రేడియోలో వార్తలు చదివినట్టు చదివాను.

"నమస్కారమండీ. మీరు చెప్పినట్టే మేత పెంచామండీ. మీ దయవల్ల చేపలన్నీ తెల్లారేసరికి నీళ్ళపైకొచ్చి నోళ్ళు తెరుచుకుని మాకు దర్శనమిస్తున్నాయండీ. మహానుభావులండీ మీరు. చాలా సంతోషం."

దానికి మా కంప్యూటరు పంపిన జవాబు "మీ ఆనందమే మా ఆనందం. మీ చిరునవ్వులు ఇలాగే మాతో పంచుకోండి." (రాసింది నేనే.) ఆవిడ మళ్ళీ పంపారు. "మీ అభిమానానికి కృతజ్ఞతలండీ. శీలావతి చేపలు కొన్ని అప్పుడే హాయిగా వెల్లకిలా పడుకున్నాయండీ. మీరు చల్లగా ఉండాలి." దానికీ అదే జవాబు వెళ్ళింది. మూడో మెసేజీలో ఒక్కటే మాట. "శుభం."

చదివి తలెత్తేసరికి సారు మొహంలో రంగు లేదు. "అమ్మా, చేపలు నీళ్ళపైకి ఎందుకొస్తాయి?" అన్నారు మెల్లిగా.

"సంతోషం పట్టలేకేమోనండీ" అన్నాను. (చేపను కంచంలో తప్ప చూసినదాన్ని కాదు.)

"ఊపిరాడకమ్మా. ముసురుకి నీళ్ళలో గాలి తగ్గిపోతుంది. పైగా మనం మేత పెంచమన్నాం." అప్పటికే ఆయన బైకు తాళాల కోసం వెతుకుతున్నారు. మెసేజీలు వచ్చి రెండు రోజులైంది.

ఆయన వెనకే నేనూ బైకెక్కాను. అటూ ఇటూ చెరువులు, మధ్యలో గట్టు, గట్టు మీద బురదలో బైకు జారుతోంది. ఆ ఇల్లాలు చెరువు దగ్గరే ఉన్నారు. యాభై దాటిన మనిషి. భర్తకు మోకాళ్ళు పనిచెయ్యక చెరువు పని తనే చూసుకుంటున్నారట. పక్క చెరువుల వాళ్ళు తలో డీజిల్ ఇంజనూ తెచ్చి, రెండు రోజులుగా కొత్త నీళ్ళు తోడి పోస్తున్నారు. నాలుగో వంతు చేపలు పోయాయి, మిగతావి తేరుకుంటున్నాయి. గట్టు చివర పోయిన చేపల్ని పాతిపెట్టిన చోట మట్టి ఇంకా పచ్చిగా ఉంది. నేను అటు ఒకసారి చూసి, మళ్ళీ చూడలేకపోయాను.

"రండి బాబూ, రండమ్మా. పెద్దవాళ్ళు, ఇంతదూరం శ్రమపడి వచ్చారు" అన్నారావిడ, ఎంతో మర్యాదగా. "పెద్దవాళ్ళు" ప్లస్ రెండు, "శ్రమ" మైనస్ రెండు, మొత్తం సున్నా అని నా బుర్ర దాని పాటికది లెక్కవేసింది. నేను మాత్రం ఒకడుగు వెనక్కి వేశాను.

సారు ఇంజన్ల దగ్గరికి వెళ్ళారు. నేను ఆవిడ దగ్గరే నిలబడి, "తప్పు నాదేనండీ. మీరు సంతోషంగా ఉన్నారనుకుంది మా కంప్యూటరు" అన్నాను.

"నేనా?"

"సంతోషం అని రాశారు కదండీ."

"కోపమొస్తే అలాగే అంటామమ్మా. మరెలా అంటాం?"

"తిట్టాల్సిందండీ. ఒక్క తిట్టు రాసినా మీ మెసేజీ అన్నిటికంటే పైకి వచ్చేది."

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "మొహం కూడా చూడని పిల్లల్ని ఎలా తిడతామమ్మా? తిట్టడానికి కాస్త చనువుండాలి కదా." తరవాత చెరువు వైపు తిరిగి, "ఏదోలెండి. అయిపోయింది" అన్నారు.

ఏదోలెండి అన్నదానికి నేను సున్నా వేశాను. అయిపోయింది అన్నదానికీ సున్నాయే. ఏ భావమూ లేని మాటల వరసలో అవి రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఆవిడ గొంతులో ఆ రెండు మాటలూ విన్నాక నాకు ఏడుపు ఆగలేదు. చేపలు పోయింది ఆవిడకు, ఓదార్పు నాకు. "ఊరుకోండమ్మా, చిన్నపిల్లలు, మీకేం తెలుసు" అంటూ నన్ను ఇంటికి తీసుకెళ్ళి మజ్జిగిచ్చారు.

సోమవారం ఆఫీసులో కొత్త నియమం పెట్టాం. ఒక మెసేజీలో మూడు "అండీ"లు దాటితే కంప్యూటరు జవాబివ్వకూడదు, నేనే ఫోన్ చెయ్యాలి. దాంతో నిజంగానే సంతోషంగా ఉన్నవాళ్ళకు ప్రాణం మీదికొచ్చింది. "ఏం జరిగిందండీ? దాచకుండా చెప్పండి" అని నేను బతిమాలుతుంటే, ఒక పెద్దాయన హడలిపోయి "ఏం జరగలేదమ్మా, థాంక్స్ చెప్పాను, పొరపాటైతే వెనక్కి తీసుకుంటాను" అన్నారు. అయినా ఆ ఫోన్ల వల్లే ఇంకో రెండు చెరువులు దక్కాయి. ఎక్కువగా నేను మాట్లాడేదాన్నే కాదు. అవతలివాళ్ళు ఎక్కడ ఆగుతున్నారో వినేదాన్ని.

ఇప్పుడొచ్చిన ప్రోగ్రాములు మాటకు మార్కులు వెయ్యవు. మొత్తం వాక్యం చూసి, ఇది వ్యంగ్యం, ఇది బాధ అని చాలావరకు సరిగ్గానే చెప్పేస్తున్నాయి. నేనూ వాటిమీదే పనిచేస్తున్నాను, రోజుకు ఎన్ని వేల వాక్యాలు నా ముందు నుంచి వెళ్ళిపోతాయో నాకే తెలియదు. మేడ మీద కూర్చుని మార్కులు వేసిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. కోప్పడాలని మాత్రం అనిపించదు. ఎంత తప్పుగా వేసినా, ఒక్కో మాటనూ ఆపి, ఇందులో ఎవరికైనా బాధ ఉందా అని పూటంతా ఆలోచించేది. నాకిప్పుడు అంత తీరిక లేదు.