కట్టు కింద ఆకు

ముందుగా కట్ల బండి చక్రం చప్పుడు వినిపించేది. ఆసుపత్రి వరండా ఆ చివర కిర్రుమని ఒకసారి, ఆగి, మళ్లీ కిర్రు. గాజు సీసాలు ఒకదాన్నొకటి తాకే సన్నని చప్పుడు దానికి తోడు. మా మామయ్య దిండు సర్దుకుని, "రైలొచ్చింది, చొక్కాలు పైకెత్తండర్రా" అనేవాడు. ఆ తర్వాతే గుమ్మంలో ఆమె కనిపించేది. పొట్టి మనిషి, మోచేతుల పైకి మడిచిన తెల్లకోటు, సబ్బునీళ్లకు నాని ముడతలు పడిన వేళ్లు.

మామయ్య కడుపు మీది కుట్లకు రోజూ కట్టు మార్చేది ఆమే. వార్డంతా కట్లక్క అని పిలిచేది. ముప్పై ఏళ్లుగా అదే పని. కట్టు విప్పే ముందు గాయం దగ్గరికి వంగి, కళ్లు మూసుకుని, వాసన చూసేది.

"పెళ్లిచూపుల్లో కూడా నన్నింత శ్రద్ధగా ఎవరూ చూడలేదమ్మా," అన్నాడు మామయ్య.

"చూసుంటే ఆ పిల్ల తప్పించుకునేదేమో బాబాయ్," అంది కత్తెర ఆపకుండా.

చీము పట్టిన గాయం వాసన వేరు, మానుతున్న గాయం వాసన వేరు. ఆమె వెతికేది మూడోదాన్ని, ఆకు వాసనని. కొండ మీది ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు కుట్ల మీద ఆకు నమిలి పెట్టి, పైన కట్టు మళ్లీ ఎప్పటిలా చుట్టేసేవారు. ఇంటి పెద్ద నోట నలిగితేనే ఆకుకు గుణం వస్తుందని వాళ్ల నమ్మకం.

ఆమె పుట్టింది కూడా ఆ కొండ మీదే. మోకాలి కింద జానెడు మచ్చ ఉంది. చిన్నప్పుడు గొడ్డలి తగిలితే వాళ్లమ్మ ఆకు నమిలి కట్టిందట, మానిందట. అందుకే ఆకును ఆమె తిట్టదు. తిట్టింది ఒక్కసారే, ఉద్యోగంలో చేరిన కొత్తలో. ఒక ముసలాయన కుట్ల మీది ముద్ద తీసి చెత్తబుట్టలో పడేసి, నలుగురిలో చీవాట్లు పెట్టింది. ఆయన మధ్యాహ్నానికి ఆసుపత్రి దుప్పటి నాలుగు మడతలు పెట్టి మంచం మీద ఉంచి, పచ్చి గాయంతో కొండెక్కేశాడు. పదో రోజున పోయాడని కబురొచ్చింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గాలిలో దుప్పటి మడత పెట్టి చూపించింది.

మేమున్న రోజుల్లో ఎదురు మంచం మీద పన్నెండేళ్ల పిల్ల ఉండేది. అపెండిక్స్ ఆపరేషన్. తోడు నాయనమ్మ ఒక్కతే. నాలుగో రోజు పిల్ల ఒళ్లు కాలిపోయింది. కట్లక్క వంగి వాసన చూసి, కట్టు విప్పింది. కుట్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. వాటి మీద ఆకుపచ్చ ముద్ద. పెద్ద డాక్టరు మండిపడి ముసలామెను వార్డులోంచి పంపేయమన్నాడు. నన్ను పంపితే పిల్లనీ తీసుకుపోతానంది ఆమె, అప్పటికే మూట కట్టేస్తూ. ఆ జ్వరంతో పిల్ల కొండెక్కితే ఏమవుతుందో అక్కడ అందరికీ తెలుసు. కట్లక్కకు అందరికన్నా బాగా తెలుసు.

డాక్టరును పావుగంట ఆగమని అడిగి, నేల మీద ఆ మూట పక్కనే కూలబడింది. ఏ ఆకని అడిగింది, ఎక్కడ కోశారని అడిగింది. ముసలామె కొంగుముడి విప్పి ఒకటి చేతిలో పెట్టింది. కట్లక్క దాన్ని నలిపి వాసన చూసి, తన మచ్చ చూపించింది. ముసలి వేళ్లు ఆ మచ్చ వెంట, తెలిసిన కాలిబాట పట్టినట్టు, మెల్లగా నడిచాయి.

"ఆకుది తప్పు కాదవ్వా. నాది తెరిచిన గాయం, పైగా నా అదృష్టం. ఇది కుట్టిన గాయం, తలుపేసిన ఇల్లు. నోట్లో మలినం లోపలికి పోతే ఇక బయటికి రాదు, అక్కడే కుళ్లుతుంది."

"ఇంటి చెయ్యి పడకపోతే ఎలా మానుతుందే?" ముసలామె మూట మీది చెయ్యి తీయకుండానే అడిగింది.

"పడాలి. కడుక్కుని పడాలి."

మూట ముడి విడింది. డాక్టరు రెండు కుట్లు విప్పి చీము తీశాడు. ఆ పూట నుంచే సూదిమందులు మొదలయ్యాయి. మర్నాటి నుంచి కిర్రుమనే బండి వెనకే అవ్వ కూడా వచ్చేది. మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని, నీళ్లు కారే చేతులు దీపాల్లా ఎత్తి పట్టుకుని. కట్లక్క గాయం శుభ్రం చేస్తున్నంతసేపూ ఒక చెయ్యి మనవరాలి నుదుటి మీద ఉంచేది. నమలని ఆకు, కడిగినది, మంచం కోడుకు కట్టి ఉండేది. పెద్ద డాక్టరు దాన్ని చూశాడు, చూడనట్టు వెళ్లిపోయాడు. మూడోనాటికి జ్వరం దిగింది. వారం తిరిగేసరికి గాయం అడుగున దానిమ్మగింజల రంగులో కొత్త కండ మెరిసింది.

మేం ఇంటికెళ్లే రోజు కట్లక్క కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటోంది. ఇంత పనిమంతురాలివి, ఆ చక్రానికి కాస్త నూనె వేయించకూడదా అన్నాను. ఆయా సీసా పట్టుకుని ఎన్నోసార్లు వచ్చిందట, తనే వద్దందట. తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకుంది.

"ఆ చప్పుడు వినగానే ఆకు దాచుకున్నవాళ్లకు తెలుస్తుంది బాబూ, నేనొస్తున్నానని. నాతో చెప్పాలా వద్దా అని ఆలోచించుకోడానికి వాళ్లకు కాస్త వ్యవధి ఉండాలి. ఆ ముసలాయనకు నేనది ఇవ్వలేదు."