ఎల్లారెడ్డిలో ఉండిపోయిన ఫోటోలు

2013 మే 23, గురువారం. ఉదయం పదకొండు గంటలు. కామారెడ్డిలో ఒక కలర్ ల్యాబు. ఉన్నవారు: ల్యాబు ఆపరేటర్ రఫీక్, ఎల్లారెడ్డిలో ఫోటో స్టూడియో నడిపే గంగాధర్, కామారెడ్డి దగ్గరి రాజంపేట నుంచి వచ్చిన కూలి మనిషి సాయిలు, నేను. ల్యాబుకు ఎదురుగానే నా కంప్యూటర్ రిపేరు షాపు ఉండేది. గంగాధర్ రోడ్డు దాటి వచ్చి నన్ను తీసుకుపోయాడు.

సాయిలు తండ్రి పోశయ్య మేనకోడలి పెళ్ళికి పోయి వచ్చిన నాలుగో రోజున గుండె ఆగి చనిపోయాడు. మేము ల్యాబులో ఉన్న రోజుకు మర్నాడే పదకొండో రోజు, దినాలు. దండ వేయడానికి ఫోటో లేదు. రేషన్ కార్డు ఫోటోలో ఆయన బొటనవేలంత ఉన్నాడు. పెళ్ళి ఫోటోలు తీసినవాడు గంగాధర్. వాటిలో తండ్రి ఉన్నాడని సాయిలు ఆశ.

"పెండ్లి ఫోల్డరే లేదు సార్," అన్నాడు రఫీక్. "గంగన్న ఫోటోలు ఊర్ల మరిచి ఉత్త హార్డ్ డిస్కు తెచ్చిండు. డిస్కు చెక్ చేయాల్నా అని కంప్యూటర్ అడుగుతుంది. ఎస్ కొట్టాల్నా?"

"ఏం కొట్టకు. మౌస్ మీదికెల్లి చెయ్యి తియ్యి," అన్నాను.

ఇక్కడ కొంచెం చెప్పాలి. ఆరు నెలల కింద గంగాధర్ కంప్యూటర్ నిదానంగా ఉందంటే నేనే ఒక చిన్న ఎస్ఎస్‌డి పెట్టాను. అందులో తిరిగే భాగాలు ఉండవు, వేగం ఎక్కువ. ఆ రోజుల్లో ధర కూడా ఎక్కువే. అందుకని ఫోటోలన్నీ పాత హార్డ్ డిస్కులోనే ఉంచి, ఎస్ఎస్‌డిని దానికి క్యాష్‌గా, అంటే చేతికందే దగ్గర నిల్వగా కలిపాను. కిరాణా షాపులో గల్లా పక్కన డబ్బాలు, వెనక గోదాం ఉన్నట్టు. దీంట్లో రెండు పద్ధతులు. కొత్త సరుకును రెండు చోట్లా ఒకేసారి పెట్టడం ఒకటి. ముందు డబ్బాల్లో పోసి, తీరిక దొరికినప్పుడు గోదాంకు చేర్చడం రెండోది. రెండోది వేగం. గంగాధర్ వేగం అడిగాడు, నేను రెండోదే పెట్టాను.

"డిస్కు ఎప్పుడు తీసినవ్?" అని అడిగాను.

"పొద్దుగాల్ల. సాయిలు ఫోన్ చేస్తే కెమెరా కార్డులు కంప్యూటర్ల కాపీ కొట్టిన, తెరిచి నా కండ్లతోటి చూసిన. తొమ్మిదింటికి కరెంటు పోతది గద, జల్ది బంద్ చేసి డిస్కు పీకిన, బస్సెక్కిన."

"గిట్ల ఎన్నిసార్లు పీకినవ్?"

"ప్రతి వారం. డీవీడీలు కొట్టుకుంట కూసుంటే పెండ్లిపిల్లకు పిల్ల పుడతది సార్."

మా దిక్కు స్టూడియోల వాళ్ళందరిదీ అదే అలవాటు. హార్డ్ డిస్కునే తువాలలో చుట్టుకొని ల్యాబుకు తెచ్చేవారు. గంగాధర్ కంప్యూటర్ పక్క మూత ఎప్పుడూ తీసే ఉండేది. ఎండ వేడికి తీశాడనుకున్నాను తప్ప ఎందుకని అడగలేదు. ఇదివరకు కాపీ చేసిన మర్నాడు పీకేవాడు కాబట్టి ఫోటోలు అప్పటికే గోదాంకు చేరేవి. ఈసారి పది నిమిషాల్లో పీకాడు. ఫోటోలు చాలావరకు ఎల్లారెడ్డిలో, ఎస్ఎస్‌డి లోనే ఉండిపోయాయి.

"కెమెరా కార్డులు?"

"ఫార్మాట్ కొట్టిన. మా బామ్మర్ది నిజాంసాగర్ పెండ్లికి పట్టుకపోయిండు," అన్నాడు. గొంతు తగ్గింది.

సాయిలు అప్పటిదాకా గోడకు ఆనుకొని ఉన్నాడు. "మా నాయన దొరుకుతడా సార్?"

"చెప్పలేను. ఈడ ఇంకో కంప్యూటర్‌కు పెట్టిన్రు. అది డిస్కు మీద ఏమన్న రాసి ఉంటే ఎస్ఎస్‌డితోటి లెక్క తప్పి కొంత ఖరాబ్ అయి ఉండొచ్చు."

ముగ్గురం ఎల్లారెడ్డి బస్సెక్కాం. అక్కడ కరెంటు లేదు. రెండింటిదాకా స్టూడియో అరుగు మీద కూర్చున్నాం. గంగాధర్ చాయ్ తెప్పించాడు, సాయిలు ముట్టలేదు. కరెంటు రాగానే డిస్కును పాత చోటే పెట్టి ఆన్ చేశాను. ఎస్ఎస్‌డిలో ఉన్నది గోదాంకు చేరాలని అరగంట ఎవరినీ కీబోర్డు ముట్టనివ్వలేదు. ఫోల్డర్ కనిపించింది. చాలా ఫోటోలు తెరుచుకోలేదు. తెరుచుకున్నవాటిలో పోశయ్య ఉన్నది ఒక్కటే, అదీ సగమే. ముందు కుర్చీల్లో కూర్చున్న వధూవరుల నుంచి కిందికి అంతా బూడిద రంగు. వెనక నిలబడ్డవాళ్ళు మాత్రం స్పష్టంగా ఉన్నారు. చివరన భుజం మీద తువాలతో పోశయ్య.

"గాయినే," అన్నాడు సాయిలు.

"నీ పని అయింది తమ్మీ. పెండ్లోళ్ళకు నేనేం చెప్పాలె?" అని గంగాధర్ తల పట్టుకున్నాడు. సాయిలు ఆ ఫోటోను పెన్‌డ్రైవ్‌లో వేసుకొని కామారెడ్డి బస్సెక్కాడు. సాయంత్రానికి రఫీక్ ముఖం వరకు పెద్దది చేసి ఇచ్చాడు.

యంత్రాన్ని బాగు చేసే ముందు, ఆ మనిషి దానితో పొద్దున్నుంచి సాయంత్రం వరకు ఏం చేస్తాడో అడగాలి. నేను వేగం గురించే అడిగాను. ఆ తర్వాత షాపు నడిపినన్నాళ్ళూ ఏ కంప్యూటర్ వచ్చినా ఆ ప్రశ్న అడిగాకే స్క్రూడ్రైవర్ పట్టాను.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకు ఎల్లారెడ్డి పోయి, రెండు చోట్లా ఒకేసారి రాసే పద్ధతికి మార్చాను. "మళ్ల నిదానం అయితది గద సార్," అన్నాడు గంగాధర్. అయితదన్నాను. అంతలో పెళ్ళికూతురే వచ్చింది. అత్తగారిది ఎల్లారెడ్డే. మేనమామ దినాలకు పోతూ ఫోటోల సంగతి అడగడానికి ఆగింది. గంగాధర్ దాచకుండా చెప్పి, మిగిలినవాటితో పాటు ఆ సగం ఫోటో చూపించాడు. ఆమె తెర దగ్గరికి వంగింది.

"మామ మంచిగ పడ్డడు. నాకొకటి కొట్టియ్యి అన్నా."

"ముఖం వరకు కోసి ఇస్త చెల్లె."

"వద్దు, కొయ్యకు. కింద నేనే గద కూసున్న."