ఎర్ర లైటు దగ్గర మామ జవాబు

మామ పోయాడు. మొన్న గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ మీద ఉండగా మా మ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఆయన అల్లుడి వాయిస్ మెసేజ్ వచ్చింది. రాయచోటి దగ్గర వాళ్ళ ఊళ్ళో తెల్లవారి నమాజు చేసుకొని నడుం వాల్చిన మనిషి మళ్ళీ లేవలేదట. బండి ఆపేసి అలాగే కూర్చుండిపోయాను. వెనకనుంచి సూపర్‌వైజర్ యల్లా యల్లా, కానీ కానీ అని కేకలు వేస్తున్నాడు. మామ పోయాడని చెప్పాను. ఆయన కూడా హెల్మెట్ తీసి పక్కనున్న పెట్టె మీద కూలబడ్డాడు.

మామ నాకు చుట్టమేం కాదు. నాది నెల్లూరు వైపు, ఆయనది సీమ. ఇక్కడ దుబాయ్ జెబెల్ అలీలో మా కంపెనీ బస్సు తోలేవాడు. మా తెలుగువాళ్ళం మామ అంటుంటే విని మలయాళీలూ నేపాలీలూ కూడా మామ అనడం మొదలుపెట్టారు. ఆయనే మా ఫుట్‌బాల్ టీముకి మేనేజరు. మీరు పెద్దగా ఊహించుకోకండి, మాది లేబర్ క్యాంపుల మధ్య జరిగే లీగులో ఆడే టీము. అల్ కూజ్‌లో ఇసుక మైదానం. బస్సు లేకపోతే మ్యాచ్ లేదు, బస్సు తాళం మామ దగ్గర ఉంటుంది, కాబట్టి మామే మేనేజరు. అంతకుమించిన అర్హత ఏదీ లేదాయనకు.

ఆయనకు వచ్చిన ఆట కబడ్డీ. కుర్రతనంలో కడప జిల్లా అంతా తిరిగి ఆడాడట. ఆ కబడ్డీనే తెచ్చి ఫుట్‌బాల్‌లో పెట్టాడు. అవతలివాడు బంతితో వస్తుంటే మావాళ్ళంతా వెనక్కి వచ్చి గోల్ ముందు గొలుసు కట్టాలి, వాడి కాళ్ళు ఆడనివ్వకూడదు. ఇదే మా వ్యూహం, మొదటా చివరా. గొలుసు కట్టినవాళ్ళు గోల్ పడనిచ్చేవారు కాదు, గొలుసు వదిలి ముందుకు పోయి గోల్ కొట్టేవారూ కాదు. అందుకే మా మ్యాచ్‌లు చాలావరకు డ్రా. చూస్తున్న మాకు కడుపు మండేది.

మేం అంటే ఆడేవాళ్ళం కాదు, అరిచేవాళ్ళం. బస్సు వెనక సీట్లన్నీ మావే. తిరుగు దారిలో మేనేజరును ఉతికి ఆరేసేవాళ్ళం, ఆయన తోలుతున్న బస్సులోనే, ఆయన వీపు వెనకాలే. గోల్ కొట్టగలిగేది ఆ మలయాళీ వెల్డర్ ఒక్కడే, వాణ్ణి ముందుకు వదిలితే చాలదా, అందరినీ వెనక నిలబెట్టి ఏం కాపలా కాస్తున్నావు, ఈ మేనేజరును మారిస్తే గాని మన టీము బాగుపడదు అని ఎవరి నోటికొచ్చింది వాళ్ళు అనేవాళ్ళం. మామ ఉలికేవాడూ కాదు, పలికేవాడూ కాదు. బస్సు కదులుతుంటే నోరు విప్పకూడదని ఆయన నియమం. ఇంతమంది పాణాలు నా చేతిలో ఉండాయప్పా, మీతో వాదులాట పెట్టుకుంటే ఎట్ల అనేవాడు.

ఏం చెప్పినా ఎర్ర లైటు దగ్గరే. బస్సు ఆపి, హ్యాండ్‌బ్రేక్ లాగి, పైన అద్దంలోంచి మా వైపు చూసేవాడు. అప్పటిదాకా బస్సులో ఉన్న గోలంతా ఠక్కున ఆగిపోయేది. లైటు పచ్చబడేలోపు ఆయన చెప్పాల్సింది చెప్పేయాలి. మాట మధ్యలో ఉండగా పచ్చబడిందా, మిగతా సగం తర్వాతి సిగ్నల్ దగ్గరే. దారంతా పచ్చ లైట్లే తగిలిన రోజు మాకు జవాబు లేనట్టే. ఆ జవాబు తర్వాతి ఆదివారం ఏ సిగ్నల్ దగ్గరో దొరికేది. అప్పటికి మనం ఏం అడిగామో మనమే మరిచిపోయి ఉంటాం, ఆయన మరిచేవాడు కాదు.

ఇక ఆ మ్యాచ్ సంగతి చెప్పకుండా మామ గురించి రాయలేను. సీజన్‌లో ఆఖరిది. గెలిస్తే పై గ్రూపులో నిలుస్తాం, డ్రా అయినా కింద గ్రూపుకి జారిపోతాం. స్కోరు చెరొకటి. వెల్డర్ ఆ రోజు పూనకం వచ్చినట్టు ఆడుతున్నాడు, ఇంకో గోల్ ఇప్పుడో అప్పుడో అన్నట్టుంది. సరిగ్గా అప్పుడు మామ వాణ్ణి బయటికి పిలిచాడు. మెస్‌లో చపాతీలు చేసే నిజామాబాద్ అన్నను లోపలికి పొమ్మన్నాడు.

ఆ అన్న టీములో ఉన్నాడన్న మాటే గాని, ఎన్నడూ ఆడింది లేదు. ప్రతి మ్యాచ్‌కీ నిమ్మనీళ్ళ క్యాన్ మోసుకొచ్చి బెంచి మీద కూర్చునేవాడు. ఆ వారమే వీసా క్యాన్సిల్ అయ్యి ఊరికి పోతున్నాడు, ఇక తిరిగి రాడు. ఆయనే బతిమాలాడు.

"నన్నెందుకు పంపుతున్నవ్ మామా, ఆట ఖరాబైతది."

మామ వినలేదు. అన్న లోపలికి పోయి, దొరికిన ఒక్క బంతినీ గోడ అవతల ట్రక్కుల పార్కింగులోకి తన్నాడు. మ్యాచ్ డ్రా. కింద గ్రూపు ఖాయం.

తిరుగు దారిలో నేను ఊరుకోలేదు. నా గొంతు మామూలుగానే పెద్దది, ఆ రోజు ఇంకా పెరిగింది. మేనేజరును ఇప్పుడే తీసేద్దాం, చేతులెత్తండి అన్నాను. ఎత్తారు, వెల్డర్‌తో సహా. నిజామాబాద్ అన్న కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఖర్మ కాకపోతే ఆ రోజు అన్నీ పచ్చ లైట్లే. క్యాంపుకి ముందున్న చివరి సిగ్నల్ ఎర్రబడింది. మామ హ్యాండ్‌బ్రేక్ లాగాడు.

"కబడ్డీలో ఔటైనోడు గూడా బయట కాచుకోని ఉండి మల్లా లోపలికి వస్తాడప్పా. ఈయప్ప ఇన్నాళ్ళూ బయటనే ఉండాడు. నీళ్ళు మోసినావు, ఇంక ఖలాస్, ఊరికి పో అనాల్నా?"

లైటు పచ్చబడింది. గెలిచాక చివర్లో దించితే సరిపోయేది కదా మామా, రెండూ దక్కేవి అన్నాను నేను. బస్సు కదులుతోంది, జవాబు లేదు. అన్న విమానం ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాతి ఆదివారం అందరం కూరగాయల మార్కెట్‌కు పోతుంటే ఒక సిగ్నల్ దగ్గర బస్సు ఆగింది. మామ అద్దంలోంచి నన్ను వెతికి చూశాడు.

"గెల్చినాక దించితే అది ఆట గాదు నాయనా, మర్యాద. ఆయప్పకు నేను మర్యాద చెయ్యలే, ఆటకు పిల్చినాను."

నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. వెల్డర్ ఉండి ఉంటే గెలిచేవాళ్ళం, ఇందులో రెండో మాట లేదు. కానీ ఒక సంగతి. నిజామాబాద్ అన్న ఇప్పటికీ మా వాట్సాప్ గ్రూపులో ఉన్నాడు. ఊళ్ళో ఎవరడిగినా దుబాయ్‌లో ఫుట్‌బాల్ ఆడిన అని చెప్పుకుంటాడట. మామ పోయిన రోజు అందరికంటే ముందు ఫోన్ చేసింది ఆయనే. ఏడ్చాడు, నేనూ ఏడ్చాను.

వయసు దాటిందని కంపెనీ మామ వీసా పొడిగించలేదు. పోయిన ఏడాది ఊరికి వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు కొత్త మేనేజరు ఎవరని అడిగితే, బాగా అరిచేవానికే ఇయ్యండప్పా, వాని నోరన్నా మూతపడుతుంది అని నన్ను చూపించాడు. అలా నా నెత్తిన పడింది. నేను రాగానే గొలుసు వ్యూహం తీసేశాను. వరసగా ఓడాం. మళ్ళీ గొలుసే కట్టించాను. ఆ సంగతి వీడియో కాల్‌లో చెప్తే మామ పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

కబురు వచ్చాక మొదటి మ్యాచ్ నిన్న జరిగింది. మొదలుపెట్టే ముందు మామను తలుచుకొని రెండు టీములూ కాసేపు నిలబడ్డాయి. ఈసారి గెలిస్తే మళ్ళీ పై గ్రూపుకి ఎక్కుతాం. మామకు అంతకంటే ఇవ్వగలిగింది ఏముంది, ఎలాగైనా గెలవాలి అనుకున్నాను. ఎవరికీ గోల్ పడలేదు. టైము దగ్గర పడుతోంది. బెంచి చివర క్యాంపులో బట్టలు ఉతికే నేపాలీ దాయి, వాళ్ళ భాషలో అన్న, కూర్చుని ఉన్నాడు. వచ్చే వారం ఇంటికి పోతున్నాడు, మళ్ళీ రాడు. నేను అటు చూడకూడదని గట్టిగా అనుకున్నాను. ఆయన బూట్ల లేసులు కట్టి ఉన్నాయి, ఎవరూ పిలవకపోయినా. వెల్డర్‌ను బయటికి పిలిచాను.

మ్యాచ్ డ్రా. తిరుగు దారిలో బస్సు బస్సంతా నా మీద పడింది. మేనేజరును మార్చాల్సిందే అని వెనక సీట్లు అరుస్తున్నాయి, అందరికంటే గట్టిగా వెల్డర్. దాయి మాత్రం తన మోకాలికి అంటిన ఇసుకను దులుపుకోకుండా అలాగే కూర్చున్నాడు. ఇంతలో సిగ్నల్ ఎర్రబడింది. బస్సు ఆగింది. ఒక్కసారిగా అందరూ గప్‌చుప్ అయిపోయారు. నన్ను కూడా కలిపి చెప్తున్నాను, అందరం తలలెత్తి పైన అద్దంలోకి చూస్తున్నాం.

అద్దంలో కొత్త డ్రైవర్ ఖాన్ భాయ్ కళ్ళు కనబడ్డాయి. పాపం, కంగారు పడ్డాడు. క్యా హువా భాయ్, సబ్ చుప్ క్యోం హో గయే అని, అందరం ఒక్కసారి ఎందుకు ఆగిపోయామో అడిగాడు. ముందు లైటు పచ్చబడింది, వెనక బళ్ళు హారన్లు కొడుతున్నాయి. ఖాన్ భాయ్ మా జవాబు కోసం అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు.